పాప పాడటం మానేసింది, వ్యూస్ మాత్రం రోజూ చూస్తోంది. ఏం చేయాలి?

మల్లెపందిరి (కాకినాడ) | ఫిబ్రవరి 3, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే, కానీ రెండు వారాలుగా మనసులోంచి పోవడం లేదు.

మా పాపకి తొమ్మిదేళ్ళు. మూడేళ్ళుగా సంగీతం నేర్చుకుంటోంది. మొదటి పాఠాలు సరళీలు, జంటలు, అలంకారాలు అయిపోయి గీతాల్లో ఉంది. పాఠం కన్నా దానికి ఊరికే పాడుకోవడమే ఇష్టం. స్నానం చేస్తూ పాడేది, బూట్లు వేసుకుంటూ పాడేది. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా రాగం తీసి చెప్పేది.

సంక్రాంతికి మా మరిది దాని పాట వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టాడు. ముగ్గు పక్కన గొంతుక్కూర్చుని, తల కూడా దువ్వుకోకుండా పాడుతోంది. రెండు రోజుల్లో లక్షా ఎనభై వేల మంది చూశారు. బంధువుల ఫోన్లు, లిఫ్ట్‌లో కనపడినవాళ్ళంతా "ఏదీ, ఒక్క పాట పాడవే" అనడం. నేనూ పొంగిపోయాను, అబద్ధం చెప్పను. తర్వాత నేనే ఇంకో నాలుగు తీశాను, పట్టు లంగా వేసి, జడగంటలు పెట్టి. వాటికి మూడు వందలు, నాలుగు వందలు వచ్చాయి, అంతే.

ఇప్పుడు స్కూల్ నుంచి రాగానే ఫోన్ అడుగుతుంది, "ఎన్నయ్యాయి?" అని. స్నానాల గదిలో పాట లేదు. మొన్న ఏదైనా పాడమంటే "కెమెరా పెట్టావా?" అంది. లేదన్నాను. "మరెందుకు?" అంది.

ఆ "మరెందుకు" విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. వీడియోలన్నీ తీసేయాలా? తీసేస్తే, బాగా పాడలేదు కాబట్టి తీసేశారనుకుంటుందేమోనని భయం. మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలా అయిందా?

ఎర్రబస్సు (తణుకు) | ఫిబ్రవరి 3, రాత్రి 11:15

టెన్షన్ పడకండి అమ్మా. పిల్లలు పది రోజుల్లో మర్చిపోతారు. మా వాడికి ఇలాగే బేబ్లేడ్ బొంగరాల పిచ్చి పట్టింది, పోయింది.

మల్లెపందిరి | ఫిబ్రవరి 3, రాత్రి 11:22

పది రోజులు ఎప్పుడో దాటాయండీ.

పంతులమ్మ (విజయనగరం) | ఫిబ్రవరి 4, ఉదయం 6:05

అమ్మాయీ, నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా పిల్లలకి సంగీతం చెబుతున్నాను. ఒకప్పుడు చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు "మా పిల్లకి గొంతు ఉందంటారా?" అని అడిగేవారు. తర్వాత "వర్ణాలు ఎప్పుడు మొదలుపెడతారు?" అనేవారు. ఇప్పుడు మొదటి రోజే "స్టేజీ ఎప్పుడు?" అంటున్నారు. అంటే మీ పాపకి వచ్చిన జబ్బు పెద్దవాళ్ళ దగ్గర్నుంచి అంటినదే. కోప్పడుతున్నానని అనుకోకు.

మా ఊరి సంగీత కళాశాల సంగతి చెబుతాను. 1919లో మహారాజా విజయరామ గజపతి రాజు గారు పెట్టించారు. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగరాజుకి చూపు లేదు, వాడికి సంగీతం నేర్పించాలనే ఆలోచనతో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు, ఘంటసాల అక్కడ చదువుకున్నారు. ఎవరొచ్చినా "ఘంటసాల ఏ గదిలో కూర్చునేవారండీ?" అని అడుగుతారు. ఆ గంగరాజు ఏమయ్యాడని ఇన్నేళ్ళలో నన్ను అడిగినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. కాలేజీ పుట్టింది మాత్రం వాడి కోసం.

వీడియోలు హడావుడిగా తీసేయకు. ముందు ఇంట్లో ఆ అంకె మాట ఆపు. నువ్వూ, మీ ఆయనా, ముఖ్యంగా ఆ మరిది. రెండోది, పాప ఒక్కతే పాడకుండా నలుగురితో కలిసి పాడే చోటికి పంపు. మీ వీధిలో రామాలయం భజన ఉంటే చాలు. పదిమందిలో పాడితే ఎవరికి ఎన్ని చప్పట్లో లెక్క తేలదు.

డల్లాస్ గోంగూర (టెక్సస్) | ఫిబ్రవరి 4, ఉదయం 8:30

పంతులమ్మ గారూ, మీరు తిట్టింది నన్నే అనుకుని చదివాను.

మా అమ్మాయి ఆరేళ్ళ వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంది. మొదటిసారి గజ్జెలు కట్టించే గజ్జెపూజ రోజు అది కాళ్ళ వైపు చూసుకుని నడిచిన నడక ఇప్పటికీ గుర్తుంది, ఘల్లుమంటే ఆగి, మళ్ళీ నడిచి నవ్వేది. పధ్నాలుగేళ్ళకి రంగప్రవేశం, అంటే స్టేజీ మీద మొదటిసారి ఒక్కతే చేసే పూర్తి ప్రదర్శన, చేయించాం. ఇక్కడ రంగప్రవేశం అంటే సగం పెళ్ళి. ఆడిటోరియం, ఇండియా నుంచి వాద్య బృందం, మూడు రకాల డ్రెస్సులు, ఫొటో బుక్, వచ్చినవాళ్ళకి భోజనాలు, రిటర్న్ గిఫ్టులు. ఆ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది. చివరి ఆరు నెలలు ఇంట్లో మేము మాట్లాడుకున్నది పిలుపుల లిస్టు, కేటరింగ్, హాల్ టైమింగ్. డాన్స్ గురించి కాదు.

అద్భుతంగా చేసింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు గజ్జెలు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చి, "డన్ అమ్మా" అంది. రెండేళ్ళయింది, ఆ డబ్బా తెరవలేదు. తప్పెక్కడ జరిగిందో నాకు తెలుసు. దానికి తెలియకుండానే మేము అది ఆఖరి పరీక్ష అని నేర్పాం. పరీక్ష అయ్యాక పుస్తకం ఎవరు తెరుస్తారు?

సూటిగా సుబ్బడు (హైదరాబాద్) | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:10

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అపస్వరం వేస్తాను.

పేరు వద్దనడం కడుపు నిండినవాళ్ళ మాట. బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ళకే విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారు. పాలకొల్లులో పుట్టిన మేండలిన్ శ్రీనివాస్ గుడివాడలో మొదటి కచేరీ చేసినప్పుడు పదేళ్ళు కూడా లేవు. "బిడ్డకి పేరు పిచ్చి పట్టుకుంటుంది" అని వాళ్ళ నాన్నలు తలుపు గడియ పెట్టి ఉంటే మనకేం మిగిలేది? త్యాగరాజ స్వామి ఉంఛవృత్తితో, అంటే వీధుల్లో పాడుతూ బియ్యం అడుక్కుని, బతికారని ఎవరైనా అనబోతారు, ముందే చెబుతున్నా: మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంఛవృత్తికి రానివ్వడు.

లక్షా ఎనభై వేల మంది చూశారంటే ఆ పాపలో ఏదో ఉంది. దాన్ని సరిగ్గా వాడుకోవడం నేర్పండి. దాచిపెట్టడం కాదు.

పంతులమ్మ | ఫిబ్రవరి 4, సాయంత్రం 4:45

సుబ్బడు గారూ, మీ అపస్వరంలో కూడా శ్రుతి ఉంది. కాకపోతే ఒక సంగతి వదిలేశారు. శ్రీనివాస్ వాళ్ళ నాన్నగారిదే మేండలిన్. ఇంట్లో ఉంది, పిల్లవాడు ముచ్చటపడి చేతికి తీసుకున్నాడు. వాయించడం ముందు, కచేరీ తర్వాత.

ఇంకోటి. ఆరాధనలో పిల్లవాడు పాడుతుంటే ఎదురుగా కూర్చునేది ఎవరు? తొడ మీద తాళం వేసుకుంటూ, ఎక్కడ జారినా కనిపెట్టి, మళ్ళీ అందుకోగానే "శభాష్" అనే ముసలివాళ్ళు. వాళ్ళు వింటారు. బొటనవేలితో పైకి తోసేసేవాళ్ళు చూస్తారు, అంతే. పిల్లని నలుగురి ముందు పాడించవద్దని నేనెప్పుడూ అనలేదు. వినేవాళ్ళ ముందు పాడించండి అంటున్నాను.

లష్కర్ సైకిల్ (సికింద్రాబాద్) | ఫిబ్రవరి 5, రాత్రి 9:20

నాది బోల్తా కొట్టిన కథ. మా వాడికి పదకొండేళ్ళప్పుడు ఒక టీవీ పాటల పోటీ ఆడిషన్‌కి తీసుకెళ్ళాను. పేరు అనవసరం. తెల్లారి ఐదింటికి లైన్‌లో నిలబడ్డాం. చొక్కాకి నంబరు కాగితం. మధ్యాహ్నం రెండున్నరకి లోపలికి పిలిచి నలభై సెకన్లు పాడనిచ్చారు. సెలెక్ట్ అయ్యాడు. ఇల్లంతా పండగ, మా అమ్మ వీధిలో లడ్డూలు పంచింది.

రెండో రౌండ్‌లో పోయాడు. పోతే పోయాడు, అది కాదు బాధ. ఏడ్చాడు. కెమెరా అతను వచ్చి, "బాబూ, లైట్ సరిగ్గా పడలేదు, ఇంకోసారి మీ నాన్నని పట్టుకో" అన్నాడు. నా కొడుకు కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వచ్చి నన్ను పట్టుకున్నాడు. నేను ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ ఒక్క నిమిషం నన్ను వదలదు.

పదమూడేళ్ళకి గొంతు మారింది. ఏడాది పాటు నోరు తెరిస్తే కీచుమని పగిలేది. ఎవరూ అడగని ఆ ఏడాదిలోనే వాడు గిటార్ పట్టుకున్నాడు. ఇప్పుడు ఇంటర్. రాత్రి డాబా మీద ముగ్గురు పోరగాళ్ళు చేరి ఏదో వాయిస్తుంటారు. నేను పైకి పోను. మెట్ల మీద కూర్చుని వింటా.

నల్లకోటు (గుంటూరు) | ఫిబ్రవరి 5, రాత్రి 10:02

సైకిల్ గారూ, చదువుతుంటే బీపీ పెరిగింది. టీవీకో, షూటింగ్‌కో పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి తెలియాల్సినవి నాలుగు ముక్కలు చెబుతాను, కోర్టు భాష లేకుండా.

బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నిబంధనలు వచ్చాయి. పధ్నాలుగేళ్ళలోపు పిల్లలు కళాకారులుగా పనిచేయాలంటే నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి ఐదు గంటలు మించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరనే జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలకి ఇష్టం లేకుండా చేయించకూడదని అందులో స్పష్టంగా ఉంది.

"మళ్ళీ ఒకసారి ఏడువు" అన్నప్పుడు "మావాడికి ఇష్టం లేదండీ" అనొచ్చు. ఆ మాటకి చట్టం బలం ఉంది. ఆ క్షణంలో ఎవరికీ నోరు రాదు, అది వేరే సంగతి. నాకూ రాకపోవచ్చు.

బొమ్మల మాస్టారు (శ్రీకాకుళం జిల్లా) | ఫిబ్రవరి 7, రాత్రి 8:15

ఆలస్యంగా వచ్చాను. సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు రాసి ఈ ఉద్యోగానికి వచ్చినవాణ్ణి కాబట్టి సర్టిఫికెట్ల మీద నాకు పగ లేదని ముందే చెబుతున్నా.

ట్రైనింగ్‌లో ఒక ప్రయోగం గురించి చెప్పారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో జరిగింది, ఫలితాలు 1973లో వచ్చాయి. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగిలినవాళ్ళకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి గమనిస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఏమీ కాలేదు. అంటే బహుమతి తప్పు కాదు, "ఇది చేస్తే అది వస్తుంది" అని ముందే ముడిపెట్టడం చేటు.

విన్నప్పుడు అమెరికా పిల్లల కథలే అనుకున్నాను. తర్వాత మా బడిలో ఆగస్టు పదిహేనుకి బొమ్మల పోటీ పెట్టాను. నలభై మంది వేశారు, ముగ్గురికి స్టీలు గ్లాసులు ఇచ్చాను. మరుసటి నెల డ్రాయింగ్ పీరియడ్‌లో సగం మంది "మాకు రాదు సార్" అని కూర్చున్నారు. రాదని వాళ్ళకి చెప్పింది ఎవరు? నా స్టీలు గ్లాసులే.

ఇప్పుడు పోటీ లేదు. వరండాలో పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో అందరి బొమ్మలూ వేలాడదీస్తాం. పేరు వెనక్కి రాయాలి. ఎవరిదో తెలుసుకోవాలంటే దగ్గరికి వెళ్ళి తిప్పి చూడాలి. ఈలోగా బొమ్మ చూడక తప్పదు కదా.

మా జిల్లాలోనే పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామకి ఎన్నో ముఖచిత్రాలు వేశారు, కశింకోటలో తన మానాన తాను ఉండేవారు. ఆ బొమ్మలు చూసి పెరిగినవాళ్ళలో చాలామందికి ఆయన ముఖం తెలియదు, కింద "వపా" అన్న సంతకం తెలుసు.

ఒక తండ్రి అడిగాడు, "బొమ్మలు గీస్తే ఏమొస్తుంది మాస్టారూ?" అని. బొమ్మ వస్తుందన్నాను. కోపంగా వెళ్ళిపోయాడు గానీ పిల్లాణ్ణి మానిపించలేదు.

ఉదయరాగం | ఫిబ్రవరి 8, అర్ధరాత్రి 12:50

ఊరు చెప్పను. మీరు మాట్లాడుకుంటున్న ఆ పిల్లని నేనే. ఏడేళ్ళకి నా పాట అందరికీ తెలుసు. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి పక్కన నాకు కుర్చీ వేసేవారు. పన్నెండేళ్ళకి ఎవరూ గుర్తుపట్టడం మానేశారు. ఇప్పుడు ఇరవై నాలుగు, బ్యాంకులో పని.

మా అమ్మ చెడ్డది కాదు. ప్రతి పాట తర్వాత "ఎంత బాగా పాడావే" అనేది. వినడానికి మంచి మాటే. కానీ అది నాకు కూలీ అయిపోయింది. ఒకరోజు అనకపోతే ఆ రోజు పని దండగ అయినట్టు ఉండేది. మా తాతయ్య వేరు. పేపరు చదువుతూ ఉండేవారు, పాట అయ్యాక "ఆ రెండో చరణం దగ్గర ఏదో తిప్పావు, అది మళ్ళీ అను" అనేవారు. అంటే విన్నారన్నమాట. నేను తిరిగి పాడటం మొదలుపెట్టింది తాతయ్య పోయాక. ఆ తిప్పు మళ్ళీ వస్తుందా అని చూసుకోవడానికి.

శనివారాలు గుడిలో భజనకి వెళ్తాను. హార్మోనియం పెద్దాయనకి చెవులు సరిగ్గా వినపడవు, మేము ఒకచోట, ఆయన ఒకచోట. చాలా బాగుంటుంది.

అక్కా, నాలుగు వీడియోలు తీసేయాలా వద్దా అనేది పాపనే అడగండి. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు.

సూటిగా సుబ్బడు | ఫిబ్రవరి 8, ఉదయం 9:30

ఉదయరాగం గారూ, మీ మాటకి ఎదురు చెప్పను. కానీ మీకు బ్యాంకు ఉద్యోగం ఉంది కాబట్టి గుడిలో పాడుకోగలుగుతున్నారు. కళ మీదే బతకాలనుకునే పిల్లకి పేరు కావాలి, పేరుంటేనే పిలుపు, పిలుపుంటేనే బియ్యం. ఇది మీరెవరూ ఒప్పుకోవడం లేదు.

ఎర్రబస్సు | ఫిబ్రవరి 8, ఉదయం 10:10

బియ్యం సంగతి ఒప్పుకుంటాం సుబ్బడు గారూ. కానీ సురభి వాళ్ళని చూడండి. 1885లో మొదలైన నాటక సమాజం, తరాల తరబడి కుటుంబాలకి కుటుంబాలే స్టేజీ మీద బతికాయి. చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్ళేవారు. బుల్లి కృష్ణుడు వచ్చి డైలాగ్ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని లోపలికి పోయాడు. నేను వెనక్కి వెళ్ళి తొంగి చూస్తే కిరీటం పక్కన పెట్టి, పెట్టె మీద పడుకుని నిద్రపోతున్నాడు. పక్కనే వాళ్ళమ్మ ఇంకో వేషానికి ముఖానికి రంగు వేసుకుంటోంది. వాడికి స్టేజీ అంటే ఇంటి పని. వాడొక్కడే హీరో కాదు.

మొదట్లో బేబ్లేడ్ అని తేలిగ్గా మాట్లాడాను, మల్లెపందిరి గారు ఏమీ అనుకోవద్దు.

మల్లెపందిరి | ఫిబ్రవరి 19, రాత్రి 9:55

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. అన్నీ చదివాను, కొన్ని మా ఆయనకి చదివి వినిపించాను. వినిపిస్తుంటే ఆయన అడిగాడు, "రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో వ్యూస్ చూసేది పాపా, నువ్వా?" అని. ఇది మొదటి పోస్ట్‌లో రాయలేదు నేను. పాప పడుకున్నాక నేనూ చూసేదాన్ని. మూడు వందల దగ్గర ఆగిపోతే నాకే చిరాకు వచ్చేది.

ఉదయరాగం గారు చెప్పినట్టు పాపనే అడిగాను. కాసేపు ఆలోచించి, ముగ్గు వీడియో ఉంచమంది. పట్టు లంగావి మూడు తీసేయమంది, "అందులో నేను నవ్వుతున్నాను కానీ నిజంగా నవ్వడం లేదు" అంది. నాలుగోది ఉంచమంది, జడగంటలు బాగున్నాయట. సరే అన్నాను. మరిది ఫోన్‌లో మాత్రం ఇంకా గొడవ నడుస్తోంది, ఉగాదికి కొత్తది తీస్తానంటున్నాడు.

ఇంకోటి చేశాను, పంతులమ్మ గారు నవ్వకండి. పాప టీచర్ దగ్గర నేనూ చేరాను. మాయామాళవగౌళ రాగంలో సరళీలు. ముప్పై ఆరేళ్ళ గొంతు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో ఇద్దరం కూర్చుంటున్నాం. నిన్న అది తొడ మీద కొడుతూ "అమ్మా, రి పైకి పోతోంది, దించు" అంది. దించాను. "ఇంకా" అంది. దించితే స లోకి పడిపోయాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. ఫోన్ ఎక్కడుందో ఇద్దరికీ గుర్తులేదు, తర్వాత ఫ్రిజ్ మీద దొరికింది.

స్నానాల గదిలో పాట మాత్రం ఇంకా రాలేదు. నిన్న స్కూల్ నుంచి రాగానే మళ్ళీ "ఎన్నయ్యాయి?" అని అడిగింది కూడా. చూడలేదన్నాను. "చూసి చెప్పు" అని సైకిలేసుకుని పోయింది.

లష్కర్ సైకిల్ | ఫిబ్రవరి 19, రాత్రి 10:20

చూసి చెప్పారా మరి?

మల్లెపందిరి | ఫిబ్రవరి 19, రాత్రి 10:24

చూశాను. చెప్పలేదు. అదీ మళ్ళీ అడగలేదు.

పంతులమ్మ | ఫిబ్రవరి 20, ఉదయం 6:00

నవ్వలేదు, ముచ్చటేసింది. ఏ శ్రుతికి, అంటే ఎంత ఎత్తులో స పెట్టుకుని, పాడుతున్నారు ఇద్దరూ? పాప ఆరు శ్రుతిలో పాడుతుంటే నీకు పై స్థాయి అందదు, గొంతు పట్టేసి రి అలాగే పైకి పోతుంది. ఐదున్నరకి తగ్గించు. పాపకి ఇబ్బంది ఉండదు. పొద్దున్నే కాఫీకి ముందు పాడకు.

మల్లెపందిరి | ఫిబ్రవరి 20, రాత్రి 9:10

అవునండీ, ఆరే. ఈ రోజు ఐదున్నర పెట్టాం. "మా అమ్మ వల్ల తగ్గించాం" అని ఇప్పటికి కింది ఫ్లోర్ వాళ్ళకి, పాలవాడికి, వాళ్ళ క్లాస్ టీచర్‌కి చెప్పేసింది.